ఆపరేషన్‌తో అయిపోలేదు, ఇంట్లోవాళ్లకూ చెప్పండి

పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లే రోజున రోగి ముఖంలో కనిపించే సంతోషం వేరు. కుట్లు విప్పుతారు, బిల్లు కడతారు, మందుల చీటీ చేతికిస్తారు. వార్డులోని నర్సమ్మ, "ఇంకేం భయం లేదు, వెళ్లి రండి" అంటుంది. ఆ మాట మేమూ అన్నాం, చాలా ఏళ్లుగా అంటూనే ఉన్నాం. ఆ మాట అందరి విషయంలోనూ నిజం కాదని, కొన్ని కుటుంబాల విషయంలో అది ప్రమాదకరమైన మాట అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

పొన్నూరు చుట్టుపక్కల ఒక గ్రామానికి చెందిన రైతు కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చారు. వయసు 47. విరేచనంలో రక్తం పడుతోందని, మొలలేమోనని నాటు మందు వాడుతూ ఐదు నెలలు గడిపేశారు. పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ ఉంది. అడిగితే, తనకు 38వ ఏట కుడివైపు పెద్దప్రేగులో గడ్డ వచ్చిందని, ఒక పట్టణంలో ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారని, రెండేళ్లు పరీక్షలకు వెళ్లి ఆ తరువాత మానేశానని చెప్పారు. కొలొనోస్కోపీ చేస్తే ఎడమవైపు మరో గడ్డ బయటపడింది. అది పాతది తిరగబెట్టడం కాదు, కొత్తగా పుట్టిన రెండో క్యాన్సర్.

"అప్పుడే కోసేశారు కదండీ డాక్టరు గారూ, మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఆయన అడిగారు.

నేను ఒక తెల్ల కాగితం తీసుకుని ఆయన తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు వరుసగా రాయించాను. తండ్రి 45వ ఏట ప్రేగులో గడ్డతో పోయారట. అక్కకు 48వ ఏట గర్భసంచి క్యాన్సర్ వచ్చిందట. ఇద్దరు తమ్ముళ్లు, ముగ్గురు పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎవరికీ ఎవరూ ఏ పరీక్షా చెప్పలేదు. తొమ్మిదేళ్ల పాటు ఆ కాగితం ఎవరూ రాయలేదు. పది నిమిషాల పని అది.

కారం వల్ల కాదు, పురుగుమందు వల్ల కాదు

మన ప్రాంతంలో ఏ కడుపు జబ్బు వచ్చినా రెండు కారణాలు చెబుతారు. ఒకటి మిరపకారం, రెండోది పత్తికీ మిరపకూ కొట్టే మందు. పురుగుమందులు మంచివని నేను అనను. వాటిని కొట్టేటప్పుడు ముక్కుకూ చేతులకూ రక్షణ ఉండాల్సిందే. కానీ ఒకే ఇంట్లో తండ్రికి, కొడుక్కి, కూతురికి యాభై ఏళ్లలోపే పెద్దప్రేగు క్యాన్సరో గర్భసంచి క్యాన్సరో వస్తే, కారం మానేసి ఊరుకుంటే సరిపోదు. అక్కడ వంశపారంపర్యంగా వచ్చే ఒక లోపం ఉందేమో చూడాలి.

ఈ సంగతి కనుక్కున్న తీరు తెలుసుకోదగినది. 1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజీ డాక్టరుతో ఒక కుట్టుపని చేసే ఆమె, "మా ఇంట్లో అందరూ కడుపు, ప్రేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోయారు, నేనూ అలాగే పోతాను" అని చెప్పుకుంది. ఆమె చెప్పినట్లే చిన్న వయసులో గర్భసంచి క్యాన్సర్‌తో మరణించింది. వార్తిన్ ఆమె కుటుంబ వివరాలన్నీ సేకరించి 1913లో ప్రచురించాడు. 1962లో ఒమాహా నగరంలో హెన్రీ లించ్ అనే యువ డాక్టరుకు, తాగుడు వ్యసనంలో పడిన ఒక రోగి ఎదురయ్యాడు. ఎందుకు తాగుతున్నావని అడిగితే, తన ఇంట్లో అందరిలాగే తానూ ప్రేగు క్యాన్సర్‌తో పోతానని తెలుసు కాబట్టి తాగుతున్నానన్నాడు. లించ్ అలాంటి కుటుంబాల చరిత్రను 1966లో ప్రచురించాడు. ఇది వంశపారంపర్యమంటే చాలాకాలం పెద్ద డాక్టర్లు కూడా నమ్మలేదు. 1993, 1994 సంవత్సరాల్లో దానికి కారణమైన జన్యువులు దొరికాక నమ్మక తప్పలేదు. ఇప్పుడు ఆ జబ్బును లించ్ సిండ్రోమ్ అని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. వంద పెద్దప్రేగు క్యాన్సర్లలో సుమారు మూడు ఈ రకానివి.

కలుపు తీసేవాళ్లు లేని చేను

జన్యువు అంటే చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. మన భాషలోనే చెబుతాను. మన శరీరంలో కణాలు రోజూ కొత్తవి పుడుతుంటాయి. పాత కణం చూసి కొత్త కణం తయారయ్యేటప్పుడు అక్కడక్కడ తప్పులు దొర్లుతాయి, చేలో కలుపు మొలిచినట్లు. ఆ కలుపును ఎప్పటికప్పుడు పీకేసే కూలీల్లాంటి జన్యువులు మనందరిలో ఉంటాయి. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనేవి వాటి పేర్లు. లించ్ కుటుంబాల్లో వీటిలో ఏదో ఒకటి పుట్టుకతోనే లోపంతో ఉంటుంది. కలుపు తీసేవాళ్లు సరిగ్గా లేని చేను అన్నమాట.

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆపరేషన్‌లో కలుపు బలిసిన ఒక మడిని కోసి తీసేశారు. మిగిలిన చేను అదే, కూలీల కొరతా అదే. కాబట్టి మిగిలిన ప్రేగులో ఇంకోచోట మళ్లీ మొలుస్తుంది.

ఇది ఊహ కాదు. 2011లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో, లించ్ లోపం ఉండి పెద్దప్రేగులో కొంత భాగం మాత్రమే తీయించుకున్న 332 మందిలో 74 మందికి తరువాత పెద్దప్రేగులోనే కొత్త క్యాన్సర్ వచ్చింది. లెక్క కడితే ఆ ప్రమాదం పదేళ్లలో నూటికి 16, ఇరవై ఏళ్లలో 41, ముప్పై ఏళ్లలో 62. పెద్దప్రేగును దాదాపు మొత్తం తీయించుకున్న 50 మందిలో ఎవరికీ అలా రాలేదు.

అందుచేత వీలైతే ఆపరేషన్‌కు ముందే ఈ లోపం ఉందో లేదో తెలుసుకోవాలి. తెలిస్తే, చిన్న భాగం తీయాలా ఎక్కువ భాగం తీయాలా అని సర్జన్, రోగి కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎక్కువ తీస్తే రోజుకు నాలుగైదు సార్లు విరేచనానికి వెళ్లవలసి రావచ్చు. ఎండాకాలం పొలంలో పనిచేసేవారికి నీళ్లు, ఉప్పు తగ్గిపోయే ఇబ్బంది ఉంటుంది. వయసు మళ్లినవారికి అది సరిపడకపోవచ్చు. నిర్ణయం రోగిది. కానీ విషయం చెప్పకుండా నిర్ణయం అడగడం న్యాయం కాదు.

ఆపరేషన్ తరువాత ఏం చేయాలి?

మామూలు పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి కొలొనోస్కోపీ చేస్తారు. అంతా బాగుంటే తరువాతిది మూడేళ్లకు, ఆపైన ఐదేళ్లకు. గడువు పెరుగుతూ పోతుంది. లించ్ కుటుంబాలవారికి ఈ లెక్క పనికిరాదు. మామూలుగా చిన్న పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లదాకా పడితే, వీరిలో ఒకటి నుంచి మూడేళ్లలోనే మారవచ్చు. అందుకే ఒకటి రెండేళ్లకు ఒకసారి, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం కొలొనోస్కోపీ చేయించుకోవాలి. పెద్దప్రేగు దాదాపు అంతా తీసినా, మిగిలిన పురీషనాళాన్ని గొట్టంతో చూపించుకోవడం మానకూడదు.

ఫిన్లాండ్‌లో 22 కుటుంబాలకు చెందిన 252 మందిని 15 ఏళ్లు గమనించి, 2000లో ఫలితం ప్రచురించారు. మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకున్న 133 మందిలో 8 మందికి, చేయించుకోని 119 మందిలో 19 మందికి పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చింది. పరీక్షలో పాలిప్‌లు కనబడితే అప్పుడే తీసేస్తారు కాబట్టి పరీక్షే చికిత్స కూడా అయింది.

ఇంకొక రకం కుటుంబాలున్నాయి. వారిలో ఏపీసీ అనే జన్యువు లోపం వల్ల పదిహేను ఇరవై ఏళ్లకే పెద్దప్రేగు నిండా వందల సంఖ్యలో పాలిప్‌లు పుడతాయి. దీన్ని ఎఫ్ఏపీ అంటారు. పెద్దప్రేగు తీయించుకోకపోతే నలభై, యాభై ఏళ్లకల్లా దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. ఆపరేషన్ చేశాక కూడా పురీషనాళం మిగిలి ఉంటే ఆరు నెలలకో ఏడాదికో చూపించుకోవాలి. చిన్నప్రేగుతో సంచి కుట్టినవారు ఆ సంచిని కూడా చూపించుకోవాలి. 25 ఏళ్ల వయసు నుంచి నోటి ద్వారా ఎండోస్కోపీ చేసి చిన్నప్రేగు మొదటి భాగాన్ని గమనించాలి. ఆపరేషన్ మచ్చ దగ్గర గానీ పొట్టలో గానీ గట్టి గడ్డ తగిలితే వెంటనే చూపించాలి. పిల్లలకు 10, 14 ఏళ్ల మధ్యే పరీక్ష మొదలుపెట్టాలి.

ఆడవారి సంగతి

లించ్ కుటుంబాల ఆడవారిలో గర్భసంచి క్యాన్సర్ ప్రమాదం పెద్దప్రేగు క్యాన్సర్‌తో సమానంగా ఉంటుంది. ముట్లు ఆగిపోయాక రక్తం కనపడినా, ముట్ల మధ్యలో అయినా, "వేడి చేసింది" అని సర్దుకోకుండా డాక్టరమ్మకు చూపించి, కుటుంబ చరిత్ర కూడా చెప్పాలి. పిల్లలు చాలనుకున్నాక, సాధారణంగా నలభై ఏళ్లు దాటాక, గర్భసంచి, అండాశయాలు తీయించుకునే విషయం మాట్లాడవచ్చు. 2006లో వచ్చిన ఒక పరిశీలనలో అలా తీయించుకున్న 61 మందిలో ఒక్కరికీ గర్భసంచి క్యాన్సర్ రాలేదు. తీయించుకోని 210 మందిలో 69 మందికి వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికం. తెల్లబట్టకూ నడుము నొప్పికీ కూడా ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీయించుకున్నవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. పై మాట వారిని ఉద్దేశించింది కాదు. జన్యులోపం పరీక్షలో రుజువైన స్త్రీల కోసం మాత్రమే చెప్పాను. అవసరం లేనివారికి తీసేయడం, అవసరం ఉన్నవారికి చెప్పకపోవడం, రెండూ మన ప్రాంతంలోనే జరుగుతున్నాయి. ఇది ఆలోచించవలసిన విషయం.

ఆస్ప్రిన్ మాటేమిటి?

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. లించ్ లోపం ఉన్న 861 మందిపై జరిగిన ఒక పరిశోధన ఫలితం 2020లో వచ్చింది. రెండేళ్లకు పైగా రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ వాడమని ఇచ్చిన 427 మందిలో 40 మందికి, ఉత్తుత్తి బిళ్ల ఇచ్చిన 434 మందిలో 58 మందికి తరువాతి సంవత్సరాల్లో పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చింది. మేలు ఉంది, కానీ బిళ్ల వేసుకున్నవారికి కూడా వచ్చింది. కాబట్టి అది కొలొనోస్కోపీకి బదులు కాదు. కడుపులో పుండు ఉన్నవారికి రక్తస్రావం కావచ్చు. డెంగ్యూ జ్వరం వచ్చినప్పుడు ఆస్ప్రిన్ ప్రమాదం. మందుల షాపులో అడిగి సొంతంగా మొదలుపెట్టవద్దు. మీ డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్లు మాత్రమే వాడాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

అసలు అడ్డు ఎక్కడుంది?

ఆ రైతుకు రెండో ఆపరేషన్ బాగానే జరిగింది. తమ్ముళ్లకు, పిల్లలకు పరీక్ష చేయిద్దాం అన్నప్పుడు ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ. ఈ మాట బయటకు పొక్కితే ఇంక ఎవరూ మా గడప తొక్కరు" అని కన్నీళ్లు పెట్టుకుంది.

ఆమెను నేను తప్పుపట్టను. మన సమాజం అలాగే ఉంది. కానీ ఆమెకు చెప్పిన మాటే మీ అందరికీ చెబుతాను. తల్లికో తండ్రికో ఈ లోపం ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. అంటే రాకపోయే అవకాశమూ సగమే. పరీక్ష చేయించుకుని రాలేదని తేలిన అమ్మాయికి ఆ భయమే ఉండదు, ఏటేటా కొలొనోస్కోపీ అక్కరలేదు, ఆమె పిల్లలకూ ఆమె వైపు నుంచి రాదు. చేయించుకోకపోతే ఇంట్లో అందరూ అనుమానంతోనే బ్రతకాలి. వచ్చిందని తేలినా అది క్యాన్సర్ వచ్చినట్లు కాదు. జాగ్రత్తపడవలసిన మనిషి అని మాత్రమే. తెలియకుండా దాచిపెట్టిన జబ్బు వల్లే పెళ్లయిన అయిదారేళ్లకు ఇల్లు కూలుతుంది, తెలిసి జాగ్రత్తపడినందువల్ల కూలదు. ఇక ఊరంతా చాటమని ఎవరూ అనడం లేదు. రక్తసంబంధీకులకు చెప్పమంటున్నాం, అంతే.

మేనరికాలు చేసుకునేవారికి ఇంకొక మాట. మేనమామకు, మేనకోడలికి ఇద్దరికీ ఒకే లోపం ఉంటే, పుట్టే నలుగురిలో ఒకరికి రెండు వైపుల నుంచీ ఆ లోపం వచ్చే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే మెదడు, రక్తం, ప్రేగు క్యాన్సర్లు వస్తాయి. ఎంయూటీవైహెచ్ అనే మరో జన్యువు వల్ల వచ్చే పాలిప్‌ల జబ్బు కూడా రెండు వైపుల నుంచీ లోపం వచ్చినప్పుడే బయటపడుతుంది. అందుచేత సంబంధం దాచాలనుకునే ఇంట్లోనే ఈ పరీక్ష అవసరం ఎక్కువ.

ఆసుపత్రులు కూడా మారాలి

తప్పంతా రోగుల మీద తోయడం ధర్మం కాదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు రాస్తాం, పది రోజులకు రమ్మని రాస్తాం. తల్లిదండ్రుల సంగతి, తోబుట్టువుల సంగతి రాయడానికి చోటే ఉండదు. నా అభిప్రాయంలో పెద్దప్రేగు క్యాన్సర్ ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ, చిన్నదైనా పెద్దదైనా, డిశ్చార్జి కాగితంలో ఈ మూడు విషయాలు తప్పకుండా రాయాలి.

మొదటిది, రక్తసంబంధీకులలో ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చింది. గుర్తుపెట్టుకోవడానికి మూడు, రెండు, ఒకటి అనే లెక్క ఉంది. దగ్గరి బంధువులు ముగ్గురికి, రెండు తరాలలో, కనీసం ఒకరికి యాభై ఏళ్లలోపు పెద్దప్రేగు, గర్భసంచి వంటి క్యాన్సర్లు వస్తే గట్టిగా అనుమానించాలి. లెక్క పూర్తిగా సరిపోకపోయినా యాభై లోపు వచ్చిన ప్రతివారినీ అనుమానించడమే మంచిది.

రెండవది, తీసిన గడ్డ ముక్కపై నాలుగు ప్రోటీన్ల పరీక్ష జరిగిందా, ఫలితం ఏమిటి. కలుపు తీసే ఆ నాలుగు జన్యువులు పనిచేస్తున్నాయో లేదో ఈ పరీక్ష చాలావరకు చెబుతుంది. గడ్డ ముక్కను మైనం దిమ్మలో దాచి ఉంచుతారు కాబట్టి పాత ఆపరేషన్ అయినా దిమ్మ దొరికితే చేయవచ్చు. అందులో తేడా కనబడితే అప్పుడు రక్తంతో జన్యు పరీక్ష.

మూడవది, తరువాతి కొలొనోస్కోపీ ఏ నెల, ఏ సంవత్సరం. "మళ్లీ రండి" అని కాదు, తేదీ రాయాలి.

ఖర్చు మాట నాకు తెలియనిది కాదు. కొలొనోస్కోపీ అంటే ముందురోజు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, రెండు రోజుల కూలి పోతుంది, తోడు ఒకరు రావాలి, సిగ్గు కూడా ఉంటుంది. ఇందులో చిన్నపాటి ప్రమాదమూ ఉంది, అరుదుగా ప్రేగుకు చిల్లి పడవచ్చు. అయినా ఒక పరీక్ష ఖర్చును, ముదిరిన క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్, కీమోథెరపీ ఖర్చుతో పోల్చి చూడండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి మన పేదలకు పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. అది గొప్ప మేలు. అలాగే జబ్బు రాకముందే ఇలాంటి కుటుంబాలకు చేసే పరీక్షలకు కూడా ప్రభుత్వ పథకాలలో స్పష్టమైన చోటు ఉండాలని కోరుతున్నాను. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2020 నుంచి నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. జన్యు సలహా కావాలంటే హైదరాబాదులోని నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ముఖ్యంగా బయాప్సీ రిపోర్టును పట్టాదారు పాసుపుస్తకంలా భద్రపరచండి.

ప్రియమైన పాఠకులారా, మీ ఇంట్లో ఎవరికైనా ప్రేగు ఆపరేషన్ జరిగి ఉంటే ఈ వారం ఒక పని చేయండి. ఒక కాగితం తీసుకుని తాత, నాయనమ్మ, అమ్మమ్మ దగ్గర నుంచి మీ పిల్లల దాకా పేర్లు రాయండి. ఎవరు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో పెద్దవాళ్లను అడిగి పక్కన రాయండి. ఆ పెద్దవాళ్లు పోతే చెప్పేవారుండరు. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి.

ఆ రైతు కుటుంబంలో చివరకు ఐదుగురు పరీక్ష చేయించుకున్నారు. ముగ్గురికి లోపం లేదు. లోపం ఉన్న ఇద్దరిలో ఒకరైన చిన్న తమ్ముడికి మొదటి కొలొనోస్కోపీలోనే రెండు పాలిప్‌లు కనబడితే తీసేశారు. అతనికి ఆపరేషన్ అవసరం రాలేదు. పెద్దమ్మాయి లోపం లేనివారిలో ఉంది. ఆమె పెళ్లి శుభలేఖ నాకూ వచ్చింది.